దొరసాని పేజీకి గంగాజమున అంచు

మా ఆయన దుబాయ్‌లో ఏం పని చేసేవాడని ఎవరైనా అడిగితే, దొరసానులకు బట్టలు కట్టే పని అని చెప్పేదాన్ని. కొందరు ఇంకో ప్రశ్న వేయకుండా లేచి వెళ్లిపోయేవాళ్లు. కూర్చున్నవాళ్లకు మాత్రం మొత్తం చెప్పేదాన్ని.

ఊళ్లో అందరూ దుబాయ్ అనేవాళ్లు గానీ మేమున్నది షార్జా. మాది గోదావరి జిల్లాలో నేతపని చేసుకునే పేట. ఆయన నాకు మేనబావ, పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. బావ మగ్గం మీద కూర్చుంటే అంచు చూడ్డానికి పక్క వీధి వాళ్లు వచ్చేవాళ్లు. చూడ్డానికి వచ్చేవాళ్లే గానీ కొనడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. చివరికి మగ్గం అమ్మేసి, మగ్గం గుంట పూడ్చేసి, ముందు ఆయన, వెనక నేను షార్జా చేరాం. ఆయన పనివాళ్ల క్యాంపులో, నేను ఒక ఇంగ్లీషు దొరగారింట్లో వంటకీ ఇంటిపనికీ. శుక్రవారం మాత్రం ఆయన మా వంటింటి వెనక మెట్ల మీదికి వచ్చి కూర్చునేవాడు. అదే మా కాపురం.

ఆయనకు దొరికిన పని ఒక దుకాణంలో. ఇంగ్లండు నుంచి వచ్చే పేపర్లూ పత్రికలూ అమ్మే దుకాణం అది. కొనేవాళ్లు అందరూ అక్కడ ఉద్యోగాలు చేసుకునే ఇంగ్లీషువాళ్లే. ఆడవాళ్ల ఒళ్లు కనిపించే బొమ్మలుంటే అలాగే అమ్మకూడదని అక్కడి కట్టడి. అందుకని పత్రికల కట్ట రాగానే దుకాణం వెనక గదిలో విప్పి, ఒక్కో పుస్తకం పేజీ పేజీ తిప్పి, భుజమో కాలో వీపో కనిపించిన చోటల్లా లావుపాటి నల్ల పెన్నుతో కప్పేయాలి. ఆ పని మీద ఇద్దరుండేవారు. ఒకరు బావ. ఇంకొకతను కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. ఇద్దరికీ ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. రాకపోవడమే మంచిదని ముదీర్, అంటే అక్కడి మాటలో మేనేజరు, ఏరి పెట్టుకున్నాడట, చదువుతూ కూర్చోరని.

కరీంనగర్ అతను గోడకి సున్నం వేసినట్టు వేసేసేవాడు. మెడ కింద మొదలుపెట్టి మోకాళ్ల దాకా ఒక్క దెబ్బలో నలుపు. బావకి అలా చేతకాలేదు. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు ఒకమ్మాయికి నలుపు పూసి, కింద అంచు గీశాడు. అంచు గీశాక కుచ్చిళ్లు లేకపోతే ఎలాగని కుచ్చిళ్లు పెట్టాడు. తర్వాత పైట.

"ఏందే అన్నా, గామెకు పైటగూడ ఏస్తున్నవా?" అన్నాడట కరీంనగర్ అతను.

"ఉత్త నలుపు పూత్తే మసిగుడ్డ సుట్టినట్టుంటాదిరా. మనిసికి గుడ్డ కట్టినట్టుండాలా వద్దా?"

"ఆమె నీకు అక్కనా చెల్లెనా? ఎట్లుంటె నీకేంది?"

"ఎవరైతేనేం. అంచు లేకుండా కడితే మా నాన్న తిడతాడు."

మా మావయ్య పోయి అప్పటికి చాలా కాలమైంది. అయినా ఆయన తిడతాడన్న భయం మాత్రం బావతో పాటు విమానం ఎక్కి వచ్చింది.

ఒకరోజు ముదీర్ చూడనే చూశాడు. చలికాలం అది. సబ్బు ప్రకటనలో తొట్టి పక్కన నిలబడ్డ అమ్మాయికి బావ నిండుగా చీర కట్టి, కొంగు మీద మామిడిపిందెలు వేస్తున్నాడు. ముదీర్ ఆ పేజీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో చూశాడు.

"యే క్యా హై? ఫూల్? మైనే కాలా బోలా. సిర్ఫ్ కాలా."

"పువ్వు కాదు ముదీర్, మామిడిపిందె" అన్నాడు బావ, తెలుగులోనే.

"ఫిర్ దేఖా తో వీసా క్యాన్సిల్. టికెట్. ఖలాస్."

వేసవి వెళ్లగానే బావ వీసా మళ్లీ రాయించాలి. రాయించాల్సింది ముదీరే. బావ పాస్‌పోర్టు అతని సొరుగులో ఉంది. ముదీర్ వద్దంటే బావ ఊరెళ్లాలి. ఊళ్లో కూర్చోవడానికి మగ్గం గుంట కూడా లేదని చెప్పాను కదా. అందుకని ఆ శుక్రవారం మెట్ల మీద ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను, ఇక ముందు నలుపు తప్ప ఇంకేమీ గీయనని. వేశాడు. వేసేటప్పుడు కూడా వేలితో మెట్టు మీద దుమ్ములో ఏదో గీస్తూనే ఉన్నాడు.

ఇక మా దొరగారింటి సంగతి. ఆ ఇంట్లో పేపర్లు రెండు దారుల్లో వచ్చేవి. దొరగారి పేపర్లను వాళ్లమ్మ ఇంగ్లండు నుంచి పోస్టులో పంపేది. వారం పేపర్లు కలిపి, అప్పడాల కర్రలా బిగించి చుట్టి, పైన గోధుమరంగు కాగితం అంటించి పంపేది. విప్పగానే స్ప్రింగులా మళ్లీ చుట్టుకుపోయేవి. దొర రెండు చేతుల్తో పట్టుకుంటే చాయ్ తాగడానికి చెయ్యుండేది కాదు. అందుకని పొద్దున్నే ఆ రోజు పేపరు ఇస్త్రీ చేసి ఇవ్వడం నా పని. నా చేతికింద చొక్కాలకన్నా ఎక్కువ పేపర్లే ఇస్త్రీ అయ్యాయి. ఒక్కోసారి పేపరు మసి ఇస్త్రీపెట్టెకి అంటి, అక్కణ్ణుంచి దొర తెల్లచొక్కాకి అంటేది. ఆఫీసులో ఎవరో దొర వీపు మీద అక్షరాలు చదివారట కూడా.

ఆ పేపర్లన్నీ మూడు వారాలు పాతవి. దొరకి ఆ సంగతి తెలుసు. తెలిసినా పేపర్లో వాళ్ల ఊళ్లో వాన అని ఉంటే, "ఇవాళ మా అమ్మ తోట తడిసిపోయింది" అని దిగులుపడేవాడు. అక్కడ వాన పడి, ఆరి, మళ్లీ ఎండ కాసినా మా ఇంట్లో మాత్రం ఆ పూటే తడిసేది. ఒకసారి మంచు పడుతుందని రాశారట. ఏసీ తగ్గించమన్నాడు. బయట గుమ్మం గొళ్లెం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

దొరసాని పత్రికలు మాత్రం దుకాణం నుంచి వచ్చేవి. బావ పనిచేసే దుకాణమే. ఆవిడకి ఆ సంగతి తెలియదు. మా ఆయన 'షాపులో పని' అని మాత్రమే చెప్పాను. దొరసానికి నాలుగు హిందీ ముక్కలొచ్చు, నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. ఆ ఎనిమిదితోనే ఇల్లు గడిపేవాళ్లం. ఆవిడ మాటలు ఇక్కడ తెలుగులోనే చెబుతాను.

దొరసాని స్వదేశం వెళ్లి మూడేళ్లయింది. ఆ వేసవికి సెలవు మీద వెళ్లాలి. అప్పటికల్లా తన బట్టలు పాతకాలంవి అయిపోయుంటాయని ఆవిడ బెంగ. వీధిలో ఉన్న ఇంగ్లీషు ఆడవాళ్లందరిదీ అదే బెంగ. గురువారం పత్రిక రాగానే ముందు ఫ్యాషన్ పేజీ తీసేవాళ్లు. నల్లగా పూసిన అమ్మాయి కనిపిస్తే నవ్వుకునేవాళ్లు, పాపం ఈవిణ్ణి బొగ్గులో ముంచారని. పూసిందని వాళ్లకూ తెలుసు. అక్కడిదాకా ఎవరూ మోసపోలేదు.

ఒక గురువారం నేను చాయ్ పళ్లెంతో గదిలోకి వెళ్లేసరికి దొరసాని పత్రిక ఒళ్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఆ వారం ఫ్యాషన్ పేజీ ఫోటోలు కాదు, నల్ల సిరాతో వేసిన బొమ్మలు. పొడుగు కాళ్ల అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. వరసలో మూడో అమ్మాయికి కుచ్చిళ్లు, పైట, ఒంటి చుట్టూ అంచు.

అది కోటకొమ్మంచు, కోటగోడ మీది కొమ్ముల్లా వరసగా ఉండేది. మా మావయ్యది. కొమ్ము కొనదాకా వెళ్లి కొద్దిగా కుడికి ఒంగుతుంది. అలా ఒంగేది మా పేట మొత్తానికీ ఆయన మగ్గం మీదే. ఫోటో మీద గీస్తే పెన్నుగీత అని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. ఇది సిరా బొమ్మ మీద సిరా. రెండూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి. కింద ఉన్నది ఈతకి వేసుకునే స్నానాల గుడ్డ అని నాకు ఆ పక్కనున్న అమ్మాయిల్ని చూస్తే అర్థమైంది. వాళ్లని కరీంనగర్ అతను మెడ నుంచి మోకాళ్ల దాకా బొగ్గులో ముంచేశాడంటే, ఒంటి మీద ఉన్నది ఆపాటిదే.

"చూడు" అంది దొరసాని. "ఈ వేసవికి మా దేశంలో ఇదే వేసుకుంటున్నారు."

"బావుందండీ."

"కింద సముద్రపు ఒడ్డుకి అని రాశారు. ఎండ తగలకుండా ఒంటి చుట్టూ ఇలా తిప్పారు చూడు. ఎంత తెలివో. ఇలాంటిది నువ్వెప్పుడూ చూసుండవు."

నేను అచ్చం అలాంటిదే కట్టుకుని, అలాంటి అంచే ఉన్న కొంగు నడుముకి దోపుకుని, ఆవిడ ముందు చాయ్ పోస్తున్నాను.

"లేదండీ" అన్నాను. ఏమనమంటారు? అది మా ఆయన గీశాడంటే, తనని వెర్రిదాన్ని చేశారని దొరసాని దుకాణానికి వెళ్తుంది. ముదీర్ సొరుగు లాగుతాడు.

శుక్రవారం బావ మెట్ల మీద కూర్చోగానే అన్నం కంచం ఇవ్వకుండా అడిగాను.

"ఒట్టేసి వారం తిరక్కుండానే కోటకొమ్ము ఎందుకు గీశావు?"

"ముదీర్ ఫోటోల మీద గీయొద్దన్నాడే. ఇది ఫోటో కాదు గదా."

"మా మేడమ్ అది నిజమనుకుంటోంది. కుట్టించుకుంటానంటోంది."

బావ అన్నం సంగతి మర్చిపోయాడు. "ఏ అంచు? కొమ్ము ఒంగిందేనా? కుట్టిత్తాదంటనా? గుడ్డ ఏ రంగు తీసుకుందో కనుక్కో. పసుపైతే కొమ్ము సరిగా కనపడదని సెప్పు."

ఆ మనిషితో ఏం మాట్లాడను. కంచం పెట్టేశాను.

దొరసాని ఆ పేజీ తీసుకుని పెషావర్ దర్జీ దగ్గరికి వెళ్లింది, బుట్ట మోయడానికి నన్నూ తీసుకెళ్లింది. దర్జీ పేజీని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పేజీని చూశాడు.

"మేమ్‌సాబ్, యే తో..." అని నా వైపు చెయ్యి చూపించబోయాడు.

నేను దొరసాని వెనక నిలబడి తల అడ్డంగా ఊపాను. అతను తెలివైనవాడు. "యే తో బహుత్ నయా హై" అని, చాలా కొత్తదని ముగించాడు.

కొలతలు తీసుకోవడం బాగానే అయింది గానీ పైట ఎటు నుంచి ఎటు పోతుందో అతనికి కుదర్లేదు. గుడ్డని దొరసాని చుట్టూ తిప్పి తిప్పి చివరికి చెయ్యి లోపల బిగిసిపోయేలా చుట్టేశాడు. దొరసాని అలాగే ఊపిరి బిగబట్టి నిలబడి, సముద్రంలో ఈత కొట్టేటప్పుడు దీన్ని ఎలా విప్పుతారో అంది. నేను ఉండబట్టలేక వెళ్లి నాలుగు కుచ్చిళ్లు పోసి దోపి, కొంగు భుజం మీద వేశాను.

దొరసాని అద్దంలో చూసుకుని నన్ను మెచ్చుకుంది. "బొమ్మ ఒక్కసారి చూసి పట్టేశావే. నీ చేతిలో ఏదో ఉంది."

కుచ్చిళ్లు జారకుండా దర్జీ కుట్టేశాడు. అంచుకి నల్ల రిబ్బను ముక్కలు కోటకొమ్ముల్లా కత్తిరించి కుట్టాడు. కొమ్ము కుడికి ఒంగాలని దొరసాని రెండుసార్లు విప్పించింది.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఎదురింటి దొరసాని కూడా తన పత్రిక తీసుకుని అదే దర్జీ దగ్గరికి వెళ్లింది. తీరా కుట్టించి వేసుకొచ్చాక చూస్తే, ఆవిడ అంచు కోటకొమ్ము కాదు. మల్లెమొగ్గ.

ఎందుకవదూ. ఒక్కో పుస్తకం మీద చేత్తో గీసే మనిషికి ఒకటే అంచు మళ్లీ మళ్లీ గీయబుద్ధేస్తుందా? ఎదురింటావిడ పుస్తకానికి మల్లెమొగ్గ పడింది. ఇద్దరూ తమ తమ పత్రికలు పట్టుకుని మా వరండాలో కూర్చుని పేజీ పక్కన పేజీ పెట్టి చూసుకున్నారు. ఒకే పత్రిక, ఒకే వారం, ఒకే బొమ్మ.

"మీది ముందు అచ్చేసిన కాపీ అయ్యుంటుంది. తప్పు చూసుకుని తర్వాత సరిచేసుంటారు" అంది మా దొరసాని.

"సరిచేసినది నాదే అయ్యుండొచ్చుగా" అంది ఎదురింటావిడ.

అంతే. ఆ తర్వాత వాళ్లిద్దరికీ మాటల్లేవు. మిగతా వీధి రెండుగా చీలింది. కోటకొమ్ము వాళ్లు ఒక ఇంట్లో చాయ్ తాగేవాళ్లు, మల్లెమొగ్గ వాళ్లు ఇంకో ఇంట్లో. దర్జీ మాత్రం ఇద్దరికీ కుట్టాడు. బావకి చెబితే, "మల్లెమొగ్గ ఎవురికి నచ్చింది? ఆవిడకి కన్నుందే" అన్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు దుకాణానికి పోయి ఏది సరైన కాపీ అని అడిగితే చాలు.

వాళ్లు అడగలేదు. అంతకన్నా పెద్ద ముప్పు వచ్చిపడింది. దొరగారి కంపెనీ పెద్దదొర భార్య లండన్ నుంచి వస్తోందన్నారు. శుక్రవారం సాయంత్రం క్లబ్బులో విందూ డాన్సూ. ఆవిడ మకాం మా ఇంట్లోనే. వీధి వీధంతా కొత్త బట్టలు ఇస్త్రీకి తీసింది. లండన్ మనిషి ముందు తామేమీ వెనకబడలేదని చూపించాలి కదా. అంచు గొడవ కూడా ఆవిడే తీరుస్తుందని ఒప్పుకున్నారు.

శుక్రవారం పొద్దున ఆవిడ దిగింది. ముసలావిడేం కాదు, ముక్కు మీదికి జారే కళ్లజోడు, మెత్తటి గొంతు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా దొరసాని తన బట్ట తెచ్చి చూపించింది. ఎదురింటావిణ్ణి కూడా పిలిచారు, ఆవిడా తనది పట్టుకొచ్చింది.

లండన్ దొరసాని రెండూ ముట్టుకుని చూసింది. "ఇలాంటిది నేను చూళ్లేదే" అంది.

మా దొరసాని ముఖం పాలిపోయింది. పత్రిక పేరు చెప్పి, ఫలానా వారం అంది.

"ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది. పాతవన్నీ మీకోసం కట్టకట్టి తెచ్చాను. విమానంలో తిరగేశాను కూడా. నాకలాంటిదేమీ కనపడలేదు. స్నానం చేసి వచ్చి తీస్తాను, అందరం చూద్దాం."

నా చేతిలో పులుసు గిన్నె ఉంది. అది బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను.  ఆవిడ తెచ్చింది లండన్ నుంచి నేరుగా తెచ్చిన పుస్తకం. దాని మీద ఎవరూ నలుపు పూయలేదు. అందులో మూడో అమ్మాయి స్నానాల గుడ్డతో నిలబడి ఉంటుంది. అది చూశాక ఇద్దరు దొరసానులూ తమ కొత్త బట్టలు పట్టుకుని తిన్నగా దుకాణానికే పోతారు.

బావ ఆ సాయంత్రం క్లబ్బుకి ఐసు మోసే కూలికి ఒప్పుకుని, ముందే వచ్చి మా వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జేబులో నల్ల పెన్ను. పని మీద ఉన్నా లేకపోయినా అది ఆయన జేబులోనే ఉండేది.

అతిథి బట్టలు సర్దే పని నాదే. పై గదిలో నీళ్ల చప్పుడు మొదలవగానే సంచి తెరిచాను. కట్టలో అదే అట్ట. తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాను. మూడో అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని చల్లగా నిలబడి ఉంది.

"గీయి" అన్నాను.

బావ కదల్లేదు. "ఒట్టేయించుకున్నావుగా."

"బావా, నీళ్ల చప్పుడు ఆగేలోపల గీయకపోతే నిన్ను విమానం ఎక్కించేది నేనే."

పెన్ను మూత తీశాడు. నడుం దగ్గర మొదలుపెట్టి కుచ్చిళ్లు దించాడు. పైట వేశాడు. అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఏ అంచు ఎయ్యను? మీ మేడమ్‌ది ఎయ్యనా, ఎదురింటావిడది ఎయ్యనా?"

 ఒకరిది వేస్తే రెండో ఆవిడ తనది ఎక్కడ తప్పిందో కనుక్కునేదాకా ఊరుకోదు. పైన నీళ్లు సన్నబడ్డాయి. బావ పెన్ను చెవి మీద పెట్టుకుని, మగ్గం ముందు కూర్చున్నప్పటిలా తల ఒక పక్కకి వాల్చి చూశాడు.

"గంగాజమున ఏసేత్తాను" అన్నాడు.

గంగాజమున అంటే మా దగ్గర చీరకి ఒక పక్క ఒక అంచు, ఇంకో పక్క ఇంకో అంచు. ఎడమవైపు కోటకొమ్ము, కుడివైపు మల్లెమొగ్గ గీశాడు. గీస్తున్నంతసేపూ నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నీళ్లు ఆగిపోయాయి. సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది, ఆవిడ గౌను కోసం పెట్టింది. పేజీ మీద పల్చటి గుడ్డ వేసి, దొర పేపరు మీద నడిపినట్టు ఒక్కసారి నడిపాను. ఆరిపోయింది. ఇన్నాళ్లు పేపర్లు ఇస్త్రీ చేసిన చెయ్యి ఆ ఒక్కరోజు పనికొచ్చింది.

హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. లండన్ దొరసాని పేజీ తెరిచి చూసింది. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసింది. ఆవిడ ఎంతసేపు చూసిందో అంతసేపూ నేను అదే కప్పులో చాయ్ పోస్తున్నాను, పళ్లెంలోకి పొర్లింది.

"విమానంలో దీపం సరిగ్గా లేదు" అంది చివరికి.

మిగతా ఇద్దరూ మీదికి ఒంగారు. "చూశారా, కోటలా ఉంది" అంది ఒకావిడ. "ఇటు చూడండి, మొగ్గలు" అంది ఇంకో ఆవిడ. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇద్దరివీ సగం సగం అచ్చయ్యాయని, అసలు కాపీలో రెండూ ఉన్నాయని తేల్చుకున్నారు. చేతులు పట్టుకున్నారు. మాటలు కలిశాయి.

లండన్ దొరసాని మాత్రం నిటారుగా కూర్చుంది. తను చూడలేదని ఇందాక అందరి ముందూ అన్నది కదా. "నిజానికి నా దగ్గరా ఒకటుంది" అంది మెల్లగా. "సర్దుకోవడంలో ఇంట్లో మర్చిపోయి వచ్చాను."

అయితే సాయంత్రం ఏం వేసుకుంటారని ఇద్దరూ కంగారుపడ్డారు. అందరూ కొత్త పద్ధతిలో వస్తుంటే పెద్దదొర భార్య ఒక్కతే పాత గౌనులో వస్తే బావుండదు. దర్జీ దగ్గరికి వెళ్లే వ్యవధి లేదు. అప్పుడు మా దొరసాని చూపు నా మీద పడింది. నా మీద అంటే నా చీర మీద.

"నీ దగ్గర ఇలాంటి గుడ్డ ఇంకొకటి ఉందా? ఉతికినది?"

నా పెట్టెలో బావ నేసిన చీర ఉంది. పెళ్లిలో కట్టుకున్నది, కోటకొమ్మంచు. తెచ్చాను. లండన్ దొరసానికి దాన్ని నేనే కట్టాను. పిన్నీసులు పెట్టాను. మా దొరసాని దూరంగా వెళ్లి నిలబడి కళ్లు చికిలించి చూసింది.

"అచ్చంగా అదే కాదనుకోండి" అంది. "కానీ దీపాల వెలుగులో ఎవరికీ తెలీదు."

క్లబ్బులో వడ్డించడానికి నేనూ వెళ్లాను. నా కళ్లతో చూశాను. వీధిలో ఇంగ్లీషు ఆడవాళ్లందరూ కుట్టేసిన కుచ్చిళ్లతో, రిబ్బను కొమ్ములతో బ్యాండు ముందు తిరుగుతున్నారు. మగవాళ్లు పైట కొసలు తొక్కకుండా జాగ్రత్తగా అడుగులేస్తున్నారు. దొరగారు ఒకసారి దొరసానిని చూశాడు, ఒకసారి పళ్లెం పట్టుకున్న నన్ను చూశాడు. ఏదో అనబోయాడు. తర్వాత గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అందరికన్నా లండన్ దొరసానికే బాగా కుదిరిందని, ఎంతైనా అక్కణ్ణుంచి వచ్చిన మనిషికి తెలుస్తుందని అందరూ అనుకున్నారు. ఐసు పెట్టె దగ్గర నిలబడి బావ ఆ చీరనే చూస్తున్నాడు. ఐసు కరిగి ఆయన చెప్పులు తడిసినా చూసుకోలేదు.

తనది ఇంట్లో ఉందన్న మనిషి, వెళ్లేటప్పుడు నా చీర అడిగి మరీ పట్టుకెళ్లింది. బదులుగా తన గౌను ఇచ్చింది. నేను దాంతో దిండు గలేబులు కుట్టుకున్నాను.

వేసవి వచ్చింది. దొరగారితో కలిసి దొరసాని సెలవుకి వెళ్తూ ఆ బట్టని పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టించింది. సర్దింది నేనే.  అక్కడ వీధుల్లో నడిచాక ఆవిడకి తెలిసిపోదా? తిరిగి వచ్చేది సరిగ్గా బావ వీసా రాయించే రోజులకి. ఆవిడ దుకాణంలో అడుగుపెట్టి ఒక్క మాట అంటే చాలు. ఆ ఎండాకాలమంతా ఖాళీ ఇంట్లో కుర్చీలు తుడుస్తూ అదే ఆలోచన. దొరగారు అక్కడే ఉన్నా వాళ్లమ్మ అలవాటు మానలేదేమో, పేపర్లు వస్తూనే ఉన్నాయి. చదివేవాళ్లు లేకపోయినా అన్నీ ఇస్త్రీ చేసి దొంతర పెట్టాను. చేతులు ఊరికే ఉంటే ఇంకా భయమేసేది.

దొరసాని వచ్చిన మర్నాడే బుట్ట తెమ్మంది. దుకాణానికి వెళ్లాలంది. ముఖం గంభీరంగా ఉంది. దారిలో అడిగే ధైర్యం లేకపోయింది.

ముదీర్ గల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది. బావ, కరీంనగర్ అతను లోపల పత్రికల కట్టలు విప్పుతున్నారు. నన్ను చూసి బావ నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు.

దొరసాని ముదీర్‌తో మాట్లాడ్డం మొదలుపెట్టింది. గట్టిగానే మాట్లాడింది. తను లండన్‌లో ఆ బట్ట వేసుకుని వీధుల్లో నడిచిందట. అందరూ ఆగి చూశారట. వేసుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడలేదట. పెద్ద బట్టల దుకాణంలో అడిగితే, అమ్మే పిల్ల బట్టని అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడు మా దగ్గర ఇలాంటివి లేవండీ అందట.

ముదీర్ చెయ్యి సొరుగు మీద ఉంది. నేను బుట్టని రెండు చేతుల్తో పట్టుకున్నాను.

"ఇప్పుడు లేవట" అంది దొరసాని. "అక్కడ అయిపోయింది. మీ పత్రికలు ఇంత ఆలస్యంగా తెస్తే ఎలా? మాకు ఇక్కడ తెలిసేసరికి అక్కడ పోయే ఉంటుంది. కొంచెం ముందుగా తెప్పించండి."

ముదీర్‌కి బట్ట సంగతి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆలస్యం అన్న మాట మాత్రం అర్థమైంది. అది అతను రోజూ వినేదే. సారీ మేడమ్ అన్నాడు. ఓడదే తప్పన్నాడు. సొరుగు తెరిచి చిల్లర తీసి ఇచ్చాడు, మళ్లీ మూసేశాడు.

ఆ వారమే బావ వీసా రాయించారు. శుక్రవారం మెట్ల మీద అన్నం పెట్టి మొత్తం చెప్పాను. ఆయనకి వీసా గురించి నాకున్నంత సంతోషం ఉన్నట్టు కనపడలేదు. ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచనలో పడ్డాడు.

"అంటే లండన్‌లో మన కోటకొమ్ము అప్పుడే పాతబడిపోయిందంటావా?"

"పాతబడిందంట బావా. అన్నం తిను."

"మరీ ఒక్క ఎండాకాలంలోనా."

"వాళ్లంతే. తిను."

నాలుగు ముద్దలు తిన్నాడు. తర్వాత కంచం పక్కకి జరిపి, మెట్టు మీద దుమ్ములో వేలితో చిన్న మొగ్గ ఒకటి, దాని పక్కన ఇంకొకటి గీశాడు.

"మల్లెమొగ్గైతే ఇంకో ఏడాది నడిచేదే" అన్నాడు.